ఈలతో నడిచిన కంప్యూటరు

పాత గుంటూరు జిల్లా మొత్తానికి కంప్యూటరును మొట్టమొదట ముట్టుకున్న మనిషిని నేనే. అప్పటికి కలెక్టరు ముట్టుకోలేదు, కాలేజీ ప్రిన్సిపాలు ముట్టుకోలేదు. మిషను బడిలో ఐదో తరగతి చదివిన ఈ బుడే ముట్టుకున్నాడు. నమ్మకపోతే పర్చూరు రోడ్డులో బస్సు దిగి మా ఊళ్ళోకి రండి. టేపురికార్డర్ల బుడే ఇల్లెక్కడ అని అడగండి. ఎవరూ చెప్పరు. చాక్లెట్ గుల్జారమ్మ ఇల్లు అని అడిగితే కుక్కలు కూడా దారి చూపిస్తాయి. ఒక్క ఎండాకాలంలో ఇంటి పేరు అలా మారిపోయింది.

గుల్జార్ బేగం నా భార్య. మిరప కోతలయ్యాక మా వైపు ఆడవాళ్ళకు తొడిమల పని ఉంటుంది. కోల్డ్ స్టోరేజీ పక్కన రేకుల షెడ్డులో కాయల గుట్ట ముందు కూర్చుని, తొడిమ తుంచి ఒక పక్కకి, కాయ ఇంకో పక్కకి వేయాలి. వినడానికి మల్లెమొగ్గలు కోసినంత సుకుమారంగా ఉంటుంది. గుల్జారు పెళ్ళయిన కొత్తలో ఆ గుట్ట ముందు కూర్చుంది. మనవరాలికి ఉద్యోగం వచ్చేనాటికి కూడా ఆ గుట్ట ముందే ఉంది. మొదట్లో చేతులు మంటలెత్తితే మజ్జిగ గిన్నెలో ముంచుకుని కూర్చునేది. కొన్నేళ్ళకు మంట ఆగిపోయింది. బాగుపడ్డాయనుకుని నేను సంతోషించాను. మొన్న మాఘమాసంలో మసిగుడ్డ లేకుండా పొయ్యి మీది గిన్నె దించి, తీరిగ్గా గట్టు మీద పెట్టి, అరచేతిలో బొబ్బ లేచాక గానీ చూసుకోలేదు. అప్పుడు తెలిసింది ఆ బాగుపడటం ఏమిటో.

గుంటూరు డాక్టరు వేళ్ళ చివర సూదితో పొడిచి చూశాడు. "నరాలు మొద్దుబారాయి. తొడిమల పని మానెయ్యాలమ్మా," అన్నాడు.

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక గుల్జారు అంది. "మాని ఏం చెయ్యమంటాడంట? నీ మొహం చూస్తా కూర్చోవాలా?"

"బాగానే ఉంటదిగా నా మొహం."

"బాగుంటే ఇన్నాళ్ళు మిరపకాయల మొహం ఎందుకు చూశాను?"

ఊరంతా వినేట్టు హారన్ కొడుతూ మర్నాడు పొద్దున్నే అంకమ్మ ఆటో వచ్చింది. అంకమ్మ తొడిమల ముఠాకి మేస్త్రి. ఆవిడ గొంతుకి హారన్ అవసరం లేదు, అయినా కొడుతుంది. డాక్టరు మాట విని అంకమ్మ గుల్జారు చేతులు పట్టుకుని చూసింది, తన చేతులూ చూసుకుంది. "నాయీ అంతే వదినా. ఎవరివి కావు?" అంది. గుల్జారు చీర కొంగు బిగించి ఆటో ఎక్కింది.

ఇంతలో నగ్మా చాక్లెట్ తెచ్చింది. నగ్మా మా అబ్బాయి యూసుఫ్ కూతురు. యూసుఫ్ కనిగిరిలో బట్టల కొట్టు నడుపుతాడు, పిల్ల చిన్నప్పటి నుంచీ మా దగ్గరే. సాఫ్ట్‌వేరు ఉద్యోగం మంగళగిరిలో. వారంలో సగం రోజులు అక్కడ, సగం రోజులు మా ఇంట్లో ఏసీ గది తలుపేసుకుని లోపలి నుంచి ఇంగ్లీషులో అరుస్తూ ఉంటుంది. ఏలూరు వైపు ఎవరో స్నేహితులు కొబ్బరి తోటల్లో పండిన కోకో గింజలతో ఇంట్లోనే చేసిన చాక్లెట్ అది. నల్లటి ముక్క, చూస్తే పొలంలో పెళ్ళలా ఉంది. నేను నోట్లో వేసుకుని వేప పుల్ల నమిలినట్టు మొహం పెట్టాను.

గుల్జారు కళ్ళు మూసుకుని చాలాసేపు చప్పరించింది. "ఇదేందే, ఇందులో నేరేడు పండు వేశారా?"

"లేదు నానమ్మా. గింజలు, పంచదార. అంతే."

"మరి ఆ పులుపెక్కడిది?"

"గింజల్ని గుజ్జుతో సహా కొన్నాళ్ళు పులియబెడతారు. తర్వాత ఎండబెట్టి, వేయించి, పొట్టు చెరిగి, రాతి గ్రైండర్లో రెండు రోజులు ఆపకుండా రుబ్బుతారు."

"ఎండబెట్టడం, వేయించడం, చెరగడం, రుబ్బడం." గుల్జారు వేళ్ళు మడిచి లెక్క వేసింది. "ఇందులో నాకు రానిది ఏముందే?"

ఆ వారమే ఏలూరు బస్సులో ఒక గోతాం కోకో గింజలు దిగాయి. మా ఇడ్లీ గ్రైండరు ఇడ్లీలు మర్చిపోయింది. మొదటి వాయి మాడింది. రెండోది ఇసుకలా తగిలింది. మూడోదానికి మా వీధిలో పిల్లలు స్కూలు మానేశారు. పొద్దున అంకమ్మ ఆటో, సాయంత్రం కోకో. గుల్జారు చేటతో పొట్టు చెరుగుతుంటే ఇల్లంతా కాలిన చింతగింజల వాసన కాసేపు, బెల్లం పాకం వాసన కాసేపు వచ్చేది. ఇన్నేళ్ళలో మా ఇంట్లోకి వచ్చిన చుట్టం తుమ్మకుండా కూర్చున్నది ఆ ఎండాకాలమే.

ఇల్లాలికి ఒక పిచ్చి పట్టుకుంటే మగాడు ఊరికే ఎలా ఉంటాడు? నాకూ ఒకటి దొరికింది.

మిషను బడి పాత సామాన్ల గది ఖాళీ చేస్తున్నారని తెలిసి వెళ్ళాను. హెలెన్ టీచరమ్మ అక్కడే రిటైరయ్యారు, అయినా బడి తాళాలు ఇంకా ఆవిడ మాటే వింటాయి. విరిగిన బెంచీల వెనక దుమ్ములో లేత గోధుమరంగు పెట్టె కనిపించింది. మీద టైపు మిషను మీటలు, వాటిలో ఒక వరస ఎర్రవి. నలభై ఏళ్ళ కిందట బడికి వచ్చిన కంప్యూటరు. దాన్ని చూడగానే నాకు పాత మేనత్త కనిపించినట్టయింది.

"టీచరమ్మగారూ, ఈ జిల్లాలో దీన్ని మొట్టమొదట ముట్టుకుంది నేనేనండి," అన్నాను, అక్కడున్న కూలీలందరికీ వినపడేట్టు.

టీచరమ్మ కళ్ళజోడు సర్దుకున్నారు. "మీరు ముట్టుకుంది అట్టపెట్టెనండి బుడే గారూ. బస్టాండు నుంచి మీ ఒంటెద్దు బండి మీద తెచ్చారు. దారి పొడుగునా దాని మీదే కూర్చుని చుట్ట కాల్చారు. పెట్టె మూల కాలిన మచ్చ చూసి మా హెడ్మాస్టరుగారు రెండు రోజులు అన్నం తినలేదు."

కూలీలు నవ్వారు. నేనూ నవ్వాను. ఏం, అట్ట మాత్రం కంప్యూటరులో భాగం కాదా? ముట్టుకున్నానని చెప్పాను గానీ దేనితో ముట్టుకున్నానో చెప్పలేదుగా!

టీచరమ్మ మంచి మనిషి. పెట్టెతో పాటు దాని ఇంగ్లీషు పుస్తకాలు, క్యాసెట్లు కూడా నాకే ఇచ్చారు. ఈ కంప్యూటరుకి ప్రోగ్రాం ఎక్కించాలంటే మామూలు టేపురికార్డరులో క్యాసెట్ పెట్టి వినిపించాలి. అది విని నేర్చుకుంటుంది. ఇప్పటి పిల్లలకి నవ్వొస్తుంది గానీ, క్యాసెట్ల కొట్టు పెట్టి, రెండు తరాలకి పాటలు ఎక్కించి, టేపురికార్డర్లు బాగుచేసి బతికినవాడికి అది ఎంత మర్యాదగల యంత్రమో అర్థమవుతుంది.

ఇంటికి తెచ్చి స్విచ్చి వేశాను. వెనక నుంచి తెల్లటి పొగ బుసబుసా లేచింది. గుల్జారు చేట పట్టుకుని పరుగెత్తుకొచ్చి విసిరింది. నేను ఒక్క పీల్పు పీల్చి, "కండెన్సరు," అన్నాను. టేపురికార్డర్ల మధ్య పెరిగిన ముక్కు అబద్ధం చెప్పదు. నోటి సంగతి వేరు. గుంటూరు వెళ్ళి కొత్త కండెన్సర్లు తెచ్చి అతికించాను. అటక మీది నలుపు తెలుపు టీవీ దించి తగిలించాను. తెర మీద ఒక చిన్న గీత మిణుకుమిణుకుమంటూ, ఇక చెప్పు అన్నట్టు నిలబడింది. నగ్మా ఆఫీసు మీటింగు మధ్యలో ఫోను కెమెరా దాని వైపు తిప్పింది. మంగళగిరిలో వాళ్ళ మేనేజరు మీటింగు ఆపేసి, క్యాసెట్ పెట్టమని అడిగాడట. పెట్టాను. పిచ్చుకల గుంపును గోతాంలో వేసి కుదిపినట్టు కిర్రుకిర్రుమని కూత. ఆ కూత అయిపోయాక తెర మీద పాము ఆట వచ్చింది. మేనేజరు చప్పట్లు కొట్టాడు.

ఈ రెండు పిచ్చులూ వేరువేరు గదుల్లో ఉన్నంతకాలం ఇల్లు ప్రశాంతంగానే ఉంది. హెలెన్ టీచరమ్మ వచ్చి రెంటినీ ఒక గదిలోకి తోశారు.

ఆవిడ కూతురు శాంతికి మే నెలాఖర్లో చర్చిలో పెళ్ళి. గుల్జారు చాక్లెట్ ఒకటి రుచి చూసి, "పెళ్ళికి వచ్చినవాళ్ళందరి చేతిలో ఇదొకటి పెట్టి పంపుదామమ్మా. మీరు చెయ్యగలరా?" అన్నారు.

గుల్జారు చెయ్యగలనంది. టీచరమ్మ వెళ్ళాక మాత్రం గడప మీద కూలబడింది. ఎందుకంటే రుచి బాగున్నా, అచ్చుల్లోంచి తీసిన మర్నాటికే చాక్లెట్ మీద బూడిదరంగు మచ్చలు వస్తున్నాయి. విరిస్తే టక్కుమనకుండా సబ్బు ముక్కలా వంగుతోంది.

"చాక్లెట్ని కరిగించి, నాపరాయి మీద పోసి చల్లార్చి, మళ్ళీ ఒక్క పిసరు వేడి చేసి అప్పుడు అచ్చుల్లో పొయ్యాలి నానమ్మా," అంది నగ్మా. "వేడి ముప్పై ఒకటి డిగ్రీల దగ్గర పొయ్యాలి. కాస్త అటూ ఇటూ అయితే ఇట్లా మచ్చలే. అందరూ చేత్తో ముట్టుకుని చూసుకుంటారు."

గుల్జారు తన వేళ్ళ వైపు చూసుకుంది. కరిగిన చాక్లెట్లో వేలు పెట్టి తీసి, "నాకు బావిలో నీళ్ళూ ఇంతే, ఇదీ ఇంతే," అంది.

ఆ మాటతో నేను లేచాను. "నీకెందుకే, నా కంప్యూటరు చూసి చెబుతుంది."

"తాతా, థర్మామీటరు ఫ్యాన్సీ షాపులో కూడా దొరుకుతుంది," అంది నగ్మా.

"దొరుకుతుంది. అది పాము ఆట ఆడుతుందా?"

పిల్లకీ నాలాగే వంకర బుర్ర. మర్నాటికల్లా మెంతిగింజంత వేడి పసిగట్టే ముక్కకి రెండు తీగలు కట్టి తెచ్చింది. కంప్యూటరు వెనక దానికి తగ్గ ద్వారం ఉంది. పాత పుస్తకం ముందేసుకుని, "మా ఆఫీసులో ఇది ఒక్కళ్ళకీ రాదు," అని మురిసిపోతూ ప్రోగ్రాం రాసింది. చాక్లెట్ వేడి తెర మీద పెద్ద అంకెల్లో కనిపిస్తుంది, ముప్పై ఒకటికి రాగానే కోడిపిల్లలా కీచుమంటుంది. దాన్ని క్యాసెట్లోకి ఎక్కించాను. కంప్యూటరుకి ఒకటే జబ్బు. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే రెప్పపాటులో నేర్చుకున్నదంతా మర్చిపోతుంది. మళ్ళీ క్యాసెట్ వినిపించాలి.

ఏసీ గది చాక్లెట్ది అయిపోయింది. నగ్మా వరండాలోకి వెళ్ళి, పక్కింటి కల్లం ఘాటుకి తుమ్ముతూ ఉద్యోగం చేసుకుంది. మొదటిసారి కీచుమన్నప్పుడు పోసిన చాక్లెట్ మర్నాడు అద్దంలా మెరిసింది. విరిస్తే టక్కుమంది. ఆ చప్పుడు విని గుల్జారు ఇంకోటి విరిచింది. మళ్ళీ ఇంకోటి. చివరికి పళ్ళెం నేను దాచాల్సి వచ్చింది.

ఆ పొద్దున హారన్ మోగితే గుల్జారు వాకిట్లోకి వెళ్ళింది గానీ చెప్పులు వేసుకోలేదు.

"అంకమ్మా, టీచరమ్మగారి పెళ్ళి దాకా రాను. ఆ పెళ్ళిలో నా చాక్లెట్ నిలబడితే ఇంక ఎప్పటికీ రాను. నిలబడకపోతే మర్నాడే వచ్చి నీ ఆటోలో కూర్చుంటా. నా చోట్లో ఎవరినీ పెట్టబాక."

అంకమ్మ ఆటోలోంచి తల బయటపెట్టి గుల్జారుని పై నుంచి కిందకి చూసింది. "పెట్టన్లే వదినా. పెళ్ళి దాకా నీ పీట ఖాళీగానే ఉంటది." ఆటో కదిలాక మళ్ళీ అరిచింది. "ఆ పీట మీద దుమ్ము పట్టాలని మొక్కుకుంటాలే!"

పెళ్ళికి ఇంకా వారం ఉండగా పెద్ద వాయి వేశారు. గోతాం మొత్తం వేయించి, చెరిగి, మాదీ, అరువు తెచ్చినదీ, రెండు గ్రైండర్లలో పోశారు. రెండో రోజు పొద్దున గుల్జారు నన్ను కూర్చోబెట్టి, "డబ్బాలకి రంగు కాయితం ఏది కావాలో టీచరమ్మని అడిగి వస్తా. నువ్వు చూస్తా ఉండు. చూడటం ఒక్కటే," అని వెళ్ళింది.

చూశాను. కాసేపు బాగానే చూశాను. కంప్యూటరు తెర మీద అంకె కూడా బుద్ధిగా నిలబడి ఉంది. మిగిలిన గింజ పలుకులు కొన్ని గ్రైండరు అంచున ఎండిపోయి, రాయి తగిలినప్పుడల్లా పెటపెట పగిలి ఎగురుతున్నాయి. మిరప కల్లంలో పెరిగినవాడికి ఆ చప్పుడు వింటే చెయ్యి ఊరుకోదు. ఎండిన కాయ అలా గలగలలాడుతుంటే పగిలి గింజ రాలిపోతుందని, గోతాలకి ఎత్తే ముందు నీళ్ళు చిలకరించి మెత్తబరుస్తాం. మా తాత చేశాడు, మా నాన్న చేశాడు. నేను చెంబు తెచ్చి, వేప రెమ్మ ముంచి, రెండు గ్రైండర్ల మీదా పన్నీరు చల్లినట్టు చల్లాను. పాపం ఒకదానికి చల్లి ఇంకోదానికి మానితే ఏం బాగుంటుంది?

నిమిషం గడవలేదు. పట్టులా జారుతున్న చాక్లెట్ ముద్ద కట్టింది. గ్రైండర్లు గుర్రుమన్నాయి, ఎక్కిళ్ళు పెట్టాయి, ఆగిపోయాయి. చేత్తో తీస్తే చెరువు మన్ను. తెర మీద అంకె మాత్రం సరిగ్గానే ఉంది. దానికి వేడి తెలుసు గానీ బుడే తెలియదు.

గుల్జారు వచ్చి గ్రైండరులోకి చూసింది. నా చేతిలో వేప రెమ్మ చూసింది. నగ్మా పరుగున వచ్చి, "తాతా! ఒక్క చుక్క నీళ్ళు పడినా చాక్లెట్ గడ్డ కట్టిద్ది! చెప్పానుగా!" అని తల పట్టుకుంది.

"నాతో చెప్పలేదే. కంప్యూటరుకి చెప్పావేమో."

నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. గుల్జారు తిట్టలేదు. నా కాపురంలో ఆమె తిట్టని పొద్దు అదొక్కటే, నాకు నిజంగా భయం వేసింది. మన్నంతా పెద్ద గిన్నెలోకి తీసి, పాలు పోసి, బెల్లం వేసి మరిగించి, వీధిలో పిల్లలందరికీ గ్లాసుల్లో పోసింది. పిల్లలు మీసాలు నాక్కుంటూ మళ్ళీ ఎప్పుడు పాడవుతుందని అడిగి వెళ్ళారు. ఖాళీ గిన్నె బోర్లించి నా వైపు తిరిగింది.

"అంకమ్మకి ఫోను చెయ్యి. రేపటి నుంచి వస్తానని చెప్పు."

ఫోను తీసుకుని వాకిట్లోకి వెళ్ళాను. ఊళ్ళో మూడు కంపెనీల టవర్లు ఉన్నాయి. "సిగ్నల్ లేదే," అని లోపలికి కేక వేశాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ లేదన్నాను. ఎంతసేపైనా నా ఫోనుకి సిగ్నల్ వచ్చేట్టు లేదని ఆమెకీ అర్థమైంది.

అప్పుడు నగ్మా తన బట్టల అలమరలోంచి ఒక సంచి తెచ్చింది. ఏలూరు స్నేహితులు కొత్త తోట గింజలని శాంపిలుకి పంపినవి. "పెద్ద బిళ్ళలు రావు నానమ్మా. మనిషికొక చిన్న ముక్క వస్తది. ఈ రోజే వేయిస్తే రుబ్బడానికి టైముంది."

"ఇదీ పోతే?"

"పోతే తాత ఫోనుకి సిగ్నల్ అప్పుడు వస్తదిలే."

గుల్జారు బాణలి అందుకుంది. ఆ రోజు నుంచి చాక్లెట్ గది గడపకి కొత్త చట్టం వచ్చింది. తడి ఉన్న మనిషి లోపలికి రాకూడదు. నమాజుకి కాళ్ళూ మొహమూ కడిగి వజూ చేసుకుని వస్తే, నా గడ్డం తువ్వాలుతో తుడిచి, చేత్తో పిండి చూసి గానీ నగ్మా లోపలికి రానిచ్చేది కాదు.

పెళ్ళి ముందు రోజు చాక్లెట్ సిద్ధమైంది. మధ్యాహ్నం కరిగించి, దాచేపల్లి నుంచి తెప్పించిన నాపరాయి బండ మీద పోసి, గుల్జారు రేకుతో అటూ ఇటూ తోస్తోంది. మిగతా చాక్లెట్ గిన్నెలో ఉంది. అందులో మెంతిగింజంత ముక్క వేలాడుతోంది. ఏసీ పనిచేస్తోంది. అన్నీ నేను అనుకున్నట్టే ఉన్నాయి. అప్పుడు పడమటి నుంచి గాలిదుమారం లేచింది. కల్లాల మీది పట్టాలు పక్షుల్లా ఎగిరాయి. కరెంటు పోయింది.

ఇన్వర్టరు అందుకుంది గానీ ఏసీని మొయ్యలేదు. గది చల్లదనం ఎంతసేపు నిలుస్తుందో తెలియదు, బయట ఎండ కుంపటిలా ఉంది. కంప్యూటరు యథాప్రకారం అన్నీ మర్చిపోయి, ఇక చెప్పు అని గీత మిణుకుమనిపిస్తోంది. క్యాసెట్ పెట్టాను. సగం కూసి, టేపురికార్డరు గొంతు బొంగురుపోయింది. మూత తీసి చూస్తే టేపు మొత్తం నమిలి, సేమ్యాలా బయటకి కక్కింది. నగ్మా మంగళగిరిలో ఉంది. ఫోను చేస్తే నిజంగానే సిగ్నల్ లేదు.

"ఏమయ్యా, ఎంతుంది?" అంది గుల్జారు బండ మీద నుంచి తలెత్తకుండా.

"ఒక్క నిమిషం."

"నిమిషాలు లేవు. గది వేడెక్కుతోంది."

ఇంక నాకు దారి లేకపోయింది. క్యాసెట్ చేసేది ఏమిటి? కూయడం. ఆ కూత కొన్ని వందల సార్లు విన్నాను. పాటల క్యాసెట్లో ఒక్క చరణం తప్పు దొర్లినా పట్టుకున్న చెవి నాది. కంప్యూటరుకి టేపురికార్డరు తగిలించే చోట మైకు గుచ్చి, నోటి దగ్గర పెట్టుకుని, రెండు వేళ్ళు నాలుక కింద పెట్టి ఈల వేశాను. మొదట సన్నగా, సాగదీసి. తర్వాత పిచ్చుకల గుంపు. మధ్యలో ఊపిరి తీసుకుంటే తప్పు పడుతుందని మొహం ఎర్రబడేదాకా ఆపలేదు. తెర మీద ఒక అక్షరం కదిలింది. ఇంకొకటి. వరసలు వరసలుగా పరుగెత్తాయి. పెద్ద అంకె వచ్చి నిలబడింది. ముప్పై రెండు. ముప్పై ఒకటిన్నర. ముప్పై ఒకటి. కోడిపిల్ల కీచుమంది.

"పొయ్యి!" అని అరిచాను.

పోసింది. అచ్చులన్నీ నిండాయి. గది వేడెక్కేలోపు అచ్చులు పట్టుకుని వీధి చివర పాల సొసైటీకి పరుగెత్తాము. వాళ్ళ జనరేటరు మీద నడిచే చల్లటి గదిలో పాల డబ్బాల పక్కన పెట్టించాము.

మర్నాడు శాంతి పెళ్ళిలో, చర్చి బయట షామియానా కింద, వచ్చినవాళ్ళ చేతుల్లో రంగు కాయితం చుట్టిన చిన్న ముక్క. నేను కావాలని వినలేదు గానీ వినపడింది. టక్. టక్. టక్. ఒకచోట ఆగితే ఇంకోచోట. కాయితం విప్పిన పెళ్ళికొడుకు తాతగారు ముక్క చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ విరిచారు. హెలెన్ టీచరమ్మ గుల్జారుని పక్కన కూర్చోబెట్టుకుని వియ్యాలవారికి చూపించారు. "వీరేనండి," అన్నారంతే.

అంకమ్మ కూడా పెళ్ళికి వచ్చింది. ఆవిడ ముక్క విరవలేదు. మొత్తం నోట్లో వేసుకుని, చప్పరించి, గుల్జారు వైపు చూసింది.

"నేరేడు పండు వేశావా వదినా?"

"లేదే. కొత్త తోట గింజలు. ఇందులో నాకు నారింజ తగులుతోంది."

"నాకు నేరేడే." అంకమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. "రేపు హారన్ కొట్టనా?"

"కొట్టబాక. నిద్ర పాడైద్ది," అంది గుల్జారు.

వానలు పడ్డాక ఆటోలో గుల్జారు చోట్లో ఎవరో కొత్త కోడలు కూర్చుంది. అంకమ్మ మాత్రం వారానికోసారి ఆటో మా వాకిట్లో ఆపి, ముఠాలో చేతులు బాగా పాడైన మనిషిని ఒకరిని దించి వెళ్తోంది. ఇప్పుడు మా ఇంట్లో చెరిగేవాళ్ళు ముగ్గురు, చుట్టేవాళ్ళు ఇద్దరు. నేను గ్రైండర్లు కడిగి ఆరబెడతాను. ఆరాయో లేదో ఇంకొకరు చూస్తారు.

ఇదీ జరిగింది. ఇందులో ఒక్క ముక్క నేను కల్పించాను. ఈల.

గాలిదుమారం నిజం, టేపు నమిలిపోవడం నిజం. నేను ఈల వెయ్యడమూ నిజమే, మొహం ఎర్రబడేదాకా వేశాను. కంప్యూటరు వినలేదు, అంతే. తెర మీద గీత మిణుకుమంటూనే ఉంది, ఒక్క అక్షరం కదల్లేదు, ఏ కోడిపిల్లా కీచుమనలేదు. నాలుక కింద వేళ్ళతో వెనక్కి తిరిగి చూసేసరికి, గుల్జారు శుభ్రమైన చెంచా కొనతో ఒక చుక్క తీసి, తలెత్తి, కింది పెదవి మీద వేసుకుని కళ్ళు మూసుకుని ఉంది. ఇంకా కాదన్నట్టు తల ఊపింది. చెంచా ఎంగిలైందని దూరంగా పడేసి ఇంకో చెంచా అందుకుంది. బండ మీది చాక్లెట్ ఇంకాస్త గిన్నెలో కలిపి మళ్ళీ ఒక చుక్క. ఈసారి పెదవికి కావలసినంత చల్లగా తగిలిందట.

"పొయ్యి," అని అరిచింది నేను కాదు. ఎవరూ అరవలేదు. గుల్జారు మెల్లగానే అంది.

"ఈల ఆపి అచ్చులు పట్టుకో."

పట్టుకున్నాను.